ఏ తాళమూ తెరవని మాటలు

తాళాలాయనకు ఇంగ్లీషు రాదు. కానీ ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు మాత్రం తొమ్మిదివందల చిల్లర వచ్చు. ఈ విడ్డూరం నమ్మనివాళ్ళు ఆయన కొట్లో ఓ గంట కూర్చుంటే సరి, నమ్మకం దానంతటదే కుదురుతుంది.

కొట్టంటే మరీ ఊహించుకోకండి. మూడంతస్తుల మేడలో మెట్ల కింద మిగిలిపోయిన జాగా. ఒక బల్ల, నాలుగు ఆకురాళ్ళు, ఒక భూతద్దం, గోడ నిండా వేలాడే తాళంచెవులు. లోపలికి రావాలంటే ఎవరైనా తల వంచాల్సిందే. ఆయన పొట్టివాడు కాబట్టి ఆ మెట్లు తన కొలత చూసే కట్టారంటాడు.

ఆ వీధుల్లో జనానికి చెవి అక్కర్లేని తాళాలంటే మోజు. వరసగా ఐదు బుల్లి చక్రాలు, ఒక్కో చక్రం మీద పది ఇంగ్లీషు అక్షరాలు. చక్రాలు తిప్పి, తాము పెట్టుకున్న మాట వరసలోకి తెచ్చి, పక్కనున్న మీట నొక్కితే తాళం ఊడుతుంది. చెవి పోతుందన్న దిగులు లేదు. చెవికి బదులు మాట పోతుంది, అంతే తేడా. మాట పోగొట్టుకున్నవాళ్ళు పెట్టె చంకన పెట్టుకుని తాళాలాయన దగ్గరికి వస్తారు.

ఆయన తాళాన్ని కోయడు. కోయడం చేతకానివాడి పని అంటాడు. అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి తీసి, ముందు వచ్చిన మనిషిని ఎగాదిగా చూస్తాడు. పది అక్షరాల చక్రాలు ఐదుంటే లక్ష రకాలుగా తిప్పవచ్చు గానీ, మనుషులు పెట్టుకునేది మాత్రం మాట అన్నదే. ఆ చక్రాల మీద కుదిరే మాటలు వెయ్యి దాటవు. వాటిని ముప్ఫై ఏళ్ళుగా ఒక్కొక్కటీ పోగుచేశాడు. ప్రతి పేజీకీ నిలువుగా ఒక గీత. గీతకు ఎడమ పక్క, ఎప్పుడో ఒకప్పుడు ఎవరిదో ఒకరి తాళాన్ని తెరిచిన మాటలు. కుడి పక్క, ఎన్నిసార్లు ప్రయత్నించినా ఏ తాళాన్నీ తెరవనివి. వాటిని ఖాళీ మాటలు అంటాడు.

అర్థాలు మాత్రం అడగకూడదు. ఎడమ పక్క మాట ఏది చూపించినా ఆయనకు గుర్తొచ్చే అర్థం ఒక పళ్ళ డాక్టరు సూట్‌కేసో, ఒక పెళ్ళికూతురి నగలపెట్టో, ఒక బస్సు డ్రైవరు పనిముట్ల డబ్బానో. అది బయటపెట్టడం ఆయన వృత్తికే మచ్చ. అందుకని ఎడమ పక్క మాట ఆయన నోటితో పలకడు. ఆరునూరైనా పలకడు. పక్క కొట్టు దర్జీ ముప్ఫై ఏళ్ళుగా కబుర్లలో పెట్టి లాగాలని చూసి, చివరికి విసుగొచ్చి ఊరుకున్నాడు.

ఇంత నిష్ఠగల మనిషికి దొరికిన వియ్యంకుడు ఎవరయ్యా అంటే, రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు.

లెక్చరరుగారు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఆయన చేతిలో ఎర్ర కలం ఉంటుంది. ఉద్యోగం పోయినా కలం పోలేదు. కరెంటు బిల్లు మీద, మందుల సీసా చీటీ మీద, బంధువుల ఉత్తరాల మీద, ఆఖరికి కొడుకు పెళ్ళి శుభలేఖ మీద కూడా తప్పులు దిద్దాడు. తాళాలాయన ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఇంగ్లీషు పేపరు మడత విప్పి, బొమ్మలున్న పేజీ ఏరి మరీ చేతికిచ్చేవాడు.

"చదవక్కర్లేదు బావగారూ, బొమ్మలు చూడండి. బొమ్మలకి ఇంగ్లీషు అక్కర్లేదు కదా."

తాళాలాయన నవ్వి బొమ్మలు చూసేవాడు. తనను అన్నందుకు ఆయనకు ఒళ్ళు మండేది కాదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కూతురి మొహం చిన్నబోయేది, అది చూడలేకపోయేవాడు. ఆ పిల్ల ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి. ఆ ఇంట్లో మాత్రం తండ్రి వచ్చిన రోజున ఎవరి కళ్ళలోకీ చూడదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ ఇంట్లో తన కూతురు తలెత్తుకునేలా చేయాలని ఆయన కోరిక. అంతకుమించి ఆయనకు ఈ లోకంతో పేచీ లేదు.

అలాంటిది, వీధి చివర లైబ్రరీలో ఏటా జరిగే మాటల పోటీకి లెక్చరరుగారే స్వయంగా వియ్యంకుడి పేరు రాయించాడు. లైబ్రేరియన్ మూడు అక్షరాల చీట్లు తీస్తుంది. ఆ మూడూ ఉన్న ఐదక్షరాల మాట చెప్పాలి. అర నిమిషం గడువు. అర్థం అక్కర్లేదు, అక్షరాలు వరసగా చెబితే చాలు.

"మీకోసమే పెట్టినట్టుంది బావగారూ," అన్నాడు లెక్చరరు. "మనిద్దరం ఎదురెదురుగా కూర్చుందాం. పరాయివాళ్ళతో నాకు సరదా ఉండదు."

కూతురు ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "నాన్నా, మామయ్యగారు నీ పేరు రాయించారు. నిన్ను తక్కువగా చూసే మనిషయితే అలా రాయిస్తారా? మా ఆఫీసులో అందరికీ చెప్పాను. నీ నీలం చొక్కా ఇలా పంపు, ఇస్త్రీ చేసి పెడతా." ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళయిందో. తాళాలాయన చొక్కా పంపించాడు.

పోటీ ఆదివారం మధ్యాహ్నం. ఆ పొద్దున కొట్టు తెరుస్తుండగానే వియ్యపురాలు వచ్చింది. తల వంచి లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"అన్నయ్యగారూ, మీరు ఈ పోటీకి రావద్దు."

"అదేంటి చెల్లెమ్మా, అమ్మాయి ఊరంతా చాటింది."

"ఆయన మీ పేరు ఎందుకు రాయించారో తెలుసా? నా పెట్టె కోసం."

ఆ పెట్టె తెరిచే మాట వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. ఏడాది కిందట ఆవిడ, మూత తీయకుండానే కాగితం జారవిడిచేలా పైన చీలికున్న ఒక ఇనుప పెట్టె కొనుక్కుని, దానికి ఇలాంటి తాళమే బిగించమంది. మాట ఎవరికి వారు పెట్టుకోవాలి, కానీ ఆవిడ వేళ్ళు కీళ్ళనొప్పులతో బిగుసుకుపోయి చక్రాలు తిరగలేదు. దాంతో మాట ఆయన చెవిలో చెప్పి, ఆయన చేతే పెట్టించుకుంది. లోపల ఏముంటుందని ఆయన అడగలేదు. ఆవిడే చెప్పింది. రోజూ ఏదో ఒకటి రాసుకుంటుందట. ఒకనాడు బల్ల మీద మర్చిపోతే, సాయంత్రానికల్లా కాగితం నిండా ఎర్ర గీతలు. మార్కులు కూడా వేశాడట, పదికి మూడున్నర.

"ఏడాదిగా నేను బజారుకి వెళ్ళినప్పుడల్లా ఆ చక్రాలు తిప్పుతూనే ఉన్నారు," అంది వియ్యపురాలు. "మొన్న మీరు భోజనానికి వచ్చినప్పుడు ఏవో నాలుగు మాటలు చెప్పించారే, చేయి కడుక్కోగానే గదిలోకెళ్ళి ఆ నాలుగూ పెట్టి చూశారు. ఇవాళ మీచేత పాతిక మాటలు చెప్పించి, పాతికా రాసుకొచ్చి తిప్పుతారు. మీ నోటి మాటంటే ఎవరిదో ఒకరి తాళమేనని ఆయన లెక్క."

"మాట ఇప్పుడే మార్చేద్దాం, పదండి."

"ఎలా మారుస్తారు, ఆయన ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటే. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళతారు, అప్పుడు రండి. ఇవాళ్టికి మాత్రం జ్వరమో గిరమో అని ఇంట్లో ఉండిపోండి."

తాళాలాయన బల్ల మీదున్న ఆకురాయి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా గుర్తొచ్చింది.

"చెల్లెమ్మా, నా దగ్గర ఖాళీ మాటలు నాలుగువందల పైచిలుకున్నాయి. ఏ తాళాన్నీ తెరవనివి. పోటీలో అవే చెబుతాను. ఆయన రాసుకుని, తిప్పుకుని, చేయి నొప్పి పుట్టి పడుకుంటారు. మీ మాటకి నాది పూచీ."

ఆవిడ కాసేపు ఆయన మొహం చూసి, సరే అని లేచింది. లేస్తూ మెట్టుకు తల కొట్టుకుంది. అందరూ కొట్టుకుంటారు.

లైబ్రరీలో పుస్తకాల బీరువాలు గోడకు జరిపి కుర్చీలు వేశారు. పిల్లలు ముందు వరసలో నేల మీద కూర్చున్నారు. మూడో వరసలో వియ్యపురాలు, పక్కనే కూతురు. కూతురు కొత్త చీర కట్టుకొచ్చింది.

మిగతా జంటలన్నీ ఒక్కొక్కటీ రాలిపోయి, అనుకున్నట్టే వియ్యంకులిద్దరూ మిగిలారు. చిత్తు పనికని ఇచ్చిన కాగితం మీద లెక్చరరు తన చిత్తు ఏమీ రాసుకోవడం లేదు. తాళాలాయన నోరు తెరిచినప్పుడల్లా పెన్సిలు కదులుతోంది. తాళాలాయన అది చూసి లోపల్లోపల నవ్వుకున్నాడు. రాసుకోండి బావగారూ, బాగా రాసుకోండి.

"బి, ఆర్, కె," అంది లైబ్రేరియన్.

"బ్రేక్," అన్నాడు లెక్చరరు, సోఫాలో కూర్చున్నంత హాయిగా.

"బి ఆర్ ఐ సి కె," అన్నాడు తాళాలాయన. మాట పలకడం ఆయనకు రాదు, చక్రం మీద ఉన్నట్టే ఒక్కో అక్షరం చెబుతాడు. పిల్లలకు ఇది తెగ నచ్చి, ఆయనతో పాటు వేళ్ళు మడుస్తున్నారు.

"జి, హెచ్, టి."

"నైట్."

"ఇ ఐ జి హెచ్ టి."

ఒక్కోసారి చూపు గీతకు ఎడమ పక్కకు జారేది. ఠక్కున నాలుక కరుచుకుని కుడి పక్కకు వెళ్ళి వెతుక్కునేవాడు. అందుకే ఆయన జవాబులు గడువు ముగియబోతుండగా వచ్చేవి. చూసేవాళ్ళకు అది మహా ఉత్కంఠగా ఉంది. ఆయనకు మాత్రం ఎదురుగా నోరూరించే మాటలన్నీ కనబడుతుంటే తినకుండా లేచిపోతున్నట్టుంది. చెరో ఇరవై ఒక్క మాటల దగ్గర సమం అయ్యారు. కూతురు కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. తలెత్తి, నేరుగా మామగారినే చూస్తోంది. తాళాలాయన ఆ చూపు చూశాడు. ఇంక ఒక్కటి చాలు, సమంగా నిలిచినా చాలు.

"ఆఖరి చీట్లు," అంది లైబ్రేరియన్. "ఎల్, ఎమ్, ఎన్."

"మెలన్," అన్నాడు లెక్చరరు.

తాళాలాయన కుడి పక్కకు వెళ్ళాడు. ఆ మూడక్షరాలతో ఆ పక్క ఉన్నది ఒక్కటే, అది కాస్తా వియ్యంకుడు ఇప్పుడే చెప్పేశాడు. ఇంకా వెతికాడు, లేదు. గీతకు ఎడమ పక్క ఒకటుంది. నిమ్మపండు రంగులో మెరుస్తూ, పిలిచినట్టే ఉంది. ఎల్, ఇ, ఎమ్, ఓ, ఎన్. ఏడాది కిందట చెవిలో విన్న మాట.

చెబితే కాగితం మీద ఇరవై రెండో మాటగా ఎక్కుతుంది. సాయంత్రానికి పెట్టె తెరుచుకుంటుంది. చెప్పకపోతే తన కూతురు ఇన్నాళ్ళకు ఎత్తిన తల మళ్ళీ దించుకుంటుంది. ఆయన మూడో వరసలోకి చూశాడు. వియ్యపురాలు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. పక్కన కూతురు పెదవులు కదుపుతోంది. పాపం, ఆ పిల్లకూ ఆ మాటే తట్టింది, తండ్రికి అందించాలని చూస్తోంది.

ముందు వరసలో పిల్లలు గుసగుసలు మొదలెట్టారు. ఆ మాట రాని పిల్లలు ఆ హాల్లో ఒక్కరూ లేరు. ఒకడైతే పచ్చటి పండును గాల్లో పిండి చూపించాడు కూడా. తాళాలాయన నీళ్ళు నమిలాడు. నోరు తెరిచాడు, మూశాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అర నిమిషం ఇంత పొడుగుంటుందని ఆయనకు అంతవరకూ తెలీదు.

"గడువు అయిపోయింది," అంది లైబ్రేరియన్, ఆవిడకే బాధగా ఉన్నట్టు.

పిల్లలు గొల్లుమన్నారు. వెనక ఎవరో జాలిగా నవ్వారు. కూతురు తల దించుకుంది. సరే, పరువు పోయింది, మాట నిలిచింది, అనుకున్నాడు తాళాలాయన. కళ్ళు చెమరిస్తుంటే భూతద్దం తుడుచుకున్నట్టు తుడుచుకున్నాడు.

"విజేతగారు వచ్చి కప్పు తీసుకోవాలి," అంది లైబ్రేరియన్.

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద పెన్సిలు, కాగితం. కాగితం మీద ఇరవై ఒక్క మాటలు వరసగా రాసి, అన్నింటినీ అడ్డంగా కొట్టేసి ఉంది. అడుగున కొత్తగా ఒకటే మాట, దాని చుట్టూ సున్నా.

అప్పుడు వెలిగింది తాళాలాయనకు. పసిపిల్లలకు కూడా వచ్చే మాట, ప్రపంచంలో తను ఒక్కడే చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవడమే చెప్పడం. ముప్ఫై ఏళ్ళు నోరు కాపలా కాసిన మనిషి, ఇవాళ నోరు మూసుకునే మాట బయటపెట్టాడు.

ఎక్కడికెళ్ళినా వదలని పనిముట్ల సంచి భుజాన వేసుకుని పరిగెత్తాడు. వెనకే వియ్యపురాలు, ఆవిడ వెనక ఏమీ అర్థంకాని కూతురు. లైబ్రేరియన్ కప్పు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. వీధి దాటి, వియ్యంకుడి ఇంటికి రెండంతస్తులు ఎక్కేసరికి తాళాలాయనకు ఊపిరి అందలేదు.

గదిలో లెక్చరరుగారు నేల మీద, పెట్టె ముందు, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఐదు చక్రాలూ వరసగా కుదిరి ఉన్నాయి. ఎల్, ఇ, ఎమ్, ఓ, ఎన్. మూత మూసే ఉంది.

ఆయనే, తల తిప్పకుండా అన్నాడు.

"మాట కుదిరింది. మీట నొక్కలేదు."

"ఎందుకని?" అంది భార్య. గొంతు రాయిలా ఉంది.

"పిల్లలు నవ్వుతుంటే ఆయన అలాగే నోరు కట్టుకుని కూర్చున్నాడు చూశావా. ఆ మాట నా నోటి దగ్గరుంటే నేనయితే చెప్పేసేవాడిని. ఇంటిదాకా ఉరుకుతూ వచ్చాను గానీ, మీట మీద వేలు పెట్టాక సిగ్గేసింది."

"నిజంగా నొక్కలేదా?"

"నీకు నమ్మకం లేకపోతే నేనేం చేసేది."

ఆవిడ వియ్యంకుడి వైపు చూసింది. "అన్నయ్యగారూ, మీరు చూసి చెప్పండి."

తాళాలాయన పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం తీశాడు. మూత అంచు పొడుగునా చూశాడు. మీట చుట్టూ చూశాడు. వేలితో మీట పక్కన రుద్ది, ఆ వేలిని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. లెక్చరరుగారు ఊపిరి బిగబట్టి, ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. జీవితమంతా మార్కులు వేసిన మనిషి, తన మార్కు కోసం ఎదురుచూడడం అదే మొదటిసారి.

"తెరవలేదు చెల్లెమ్మా," అన్నాడు తాళాలాయన. "మూత లేస్తే ఇక్కడి దుమ్ము గీత తెగుతుంది. తెగలేదు. బావగారు చెప్పింది నిజం."

లెక్చరరు గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయినా ఈ మాట ఇంక పనికిరాదు," అన్నాడు తాళాలాయన, సంచిలోంచి సన్నటి పుల్ల తీసి తాళం వెనక దూరుస్తూ. "ఇప్పుడే కొత్తది పెట్టుకోండి. బావగారూ, మీరు లేచి గోడ వైపు తిరగండి."

లెక్చరరు లేచి గోడ వైపు తిరిగాడు. గుమ్మంలో కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది.

"మీరు కూడా తిరగండి అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు. "మీ నోరు గట్టిదే, కానీ మొహం మరీ మంచిది. అన్నీ చెప్పేస్తోంది. అమ్మాయీ, నా వేళ్ళు తిరగవు, నువ్వు రా. నీ చెవిలో చెబుతాను."

కూతురు వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. వియ్యంకులిద్దరూ భుజాలు ఆనించుకుని గోడను చూస్తూ నిలబడ్డారు. వెనక చక్రాలు టకటక తిరుగుతున్నాయి.

"ఎన్ని అక్షరాలు?" అన్నాడు లెక్చరరు మెల్లగా.

"ఎప్పుడూ ఐదే బావగారూ."

మీట నొక్కిన చప్పుడయింది. మూత కిర్రుమంది. కాగితాల చప్పుడు. ఇద్దరూ తిరగబోతుంటే, "ఉండండి, అలాగే ఉండండి," అంది వియ్యపురాలు. "చూపిస్తే మీ కలం ఊరుకోదు. చదువుతాను, వినండి."

గొంతు సవరించుకుని చదివింది.

"ఇవాళ నేను రాసిచ్చిన సరుకుల చీటీలో ఆయన నాలుగు తప్పులు దిద్దారు. దిద్దిన చీటీ నా చేతికే ఇచ్చి బజారుకు వెళ్ళారు. అక్కడికి వెళ్ళాక ఏం కొనాలో ఒక్కటీ గుర్తురాక, గంటసేపు కొట్టు ముందు నిలబడి, ఆ కొట్టు బోర్డులో రెండు తప్పులు కనిపెట్టి, ఉత్త సంచితో తిరిగొచ్చారు. నేను ఏమీ అనలేదు. వానలో తడిసిన మొహం చూస్తే నవ్వు, జాలి రెండూ వచ్చాయి. తువ్వాలు ఇచ్చాను."

కూతురు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తాళాలాయన పళ్ళు బిగబట్టుకుని గోడ మీది సున్నం లెక్కపెడుతున్నాడు. తన భుజానికి ఆనిన భుజం కదులుతుంటే, ఏడుస్తున్నాడేమో అని పక్కకు చూశాడు. లెక్చరరుగారు నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

పరాయివాళ్ళ పెట్టె తెరిచి ఉన్నప్పుడు తాళాలవాడు అక్కడ ఉండకూడదు. తాళాలాయన వెనక్కి చూడకుండానే చేయి చాపి సంచి అందుకోబోయాడు. వియ్యంకుడు ఆ చేయి పట్టుకున్నాడు.

"ఎక్కడికి బావగారూ. మీరు వెళ్ళిపోతే ఈవిడ చదవడం ఆపేస్తుంది. ఈ ఇంట్లో ఆవిడకి నమ్మకమున్న మగాడు మీరొక్కరే." తర్వాత గోడ వైపే చూస్తూ గొంతు పెంచాడు. "కానీ ఉత్త సంచి అన్నది తప్పు. గొడుగు కూడా తెచ్చాను."

"అది రెండో పేజీలో ఉంది," అంది ఆవిడ.